అడిగేలోపే మొదలైన యుద్ధాలు: అమెరికా విదేశీ జోక్యాలు, ప్రజాభిప్రాయం

యుద్ధం ప్రకటించే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వలేదు, కాంగ్రెసుకు ఇచ్చింది. 1787లో ఫిలడెల్ఫియాలో ఆ రాజ్యాంగాన్ని రాసినవారు చూసిన యుద్ధాల్లో ఎక్కువ భాగం రాజుల పంతాలతో మొదలైనవే. చావులూ పన్నులూ మాత్రం ప్రజల వంతు. అందుకే పన్నులు వేసే సభకే యుద్ధం సంగతీ అప్పగించారు. అధ్యక్షుడిని సర్వసైన్యాధ్యక్షుడిగా ఉంచారు. అంటే సైన్యాన్ని నడిపేది ఆయన, యుద్ధం చేయాలా వద్దా తేల్చేది సభ. ఈ ఏర్పాటులో ఒక సందు మిగిలిపోయింది. సైన్యాన్ని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించేది అధ్యక్షుడే కాబట్టి, తూటా పేలే అవకాశమున్న చోట నిలబెట్టి, పేలాక సభ ముందుకు రావచ్చు. సభకూ, దాని వెనక ఉన్న జనానికీ అప్పుడు మిగిలేది మన సైనికుల పక్షమా, శత్రువు పక్షమా అన్న ప్రశ్న ఒక్కటే.

అధ్యక్షుడు జేమ్స్ పోల్క్ ఆ సందును పూర్తిగా వాడుకున్నాడు. 1846 జనవరిలో జనరల్ జకరీ టేలర్ సేనను రియో గ్రాండే నది దగ్గరికి వెళ్లమని ఆదేశించాడు. ఆ నదికీ న్యూయెసెస్ నదికీ మధ్య ఉన్న నేల తమదని మెక్సికో వాదన. టెక్సస్‌తో పాటు అదీ తమకు వచ్చిందని అమెరికా వాదన. ఏప్రిల్‌లో అక్కడ జరిగిన ఘర్షణలో 11 మంది అమెరికా సైనికులు చనిపోయారు. అమెరికా నేల మీద అమెరికన్ల రక్తం చిందిందని పోల్క్ సందేశం పంపాడు. ప్రతినిధుల సభ 174–14 ఓట్లతో, సెనేట్ 40–2 ఓట్లతో యుద్ధానికి సరేనన్నాయి. రక్తం చిందిన ఆ చోటేదో, అది ఎవరి నేలో చూపించమని 1847 డిసెంబరులో ఇల్లినాయ్ నుంచి వచ్చిన ఒక కొత్త సభ్యుడు తీర్మానాలు పెట్టాడు. ఆయన పేరు అబ్రహాం లింకన్. మరుసటి నెలలో ప్రతినిధుల సభ 85–81 ఓట్లతో ఇది అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టిన యుద్ధమని తేల్చింది. అప్పటికే మెక్సికో నగరం అమెరికా సేన చేతుల్లో ఉంది. 1848 ఫిబ్రవరి సంధితో కాలిఫోర్నియా సహా విశాలమైన భూభాగం చేతులు మారింది. యుద్ధం తప్పన్న సభ నేలను మాత్రం వెనక్కి ఇవ్వమనలేదు.

అది పక్కనున్న నేల కోసం జరిగిన పోరు. సముద్రాలు దాటి వలస రాజ్యాలు సంపాదించడం 1898లో మొదలైంది. యుద్ధం కావాలన్న జనం గొంతు గట్టిగా వినిపించిందీ అప్పుడే. స్పెయిన్ పాలనలోని క్యూబాలో 1895 నుంచి తిరుగుబాటు నడుస్తోంది. దాన్ని అణచడానికి జనరల్ వైలర్ పల్లె జనాన్ని శిబిరాల్లోకి తోలాడు. అక్కడ ఆకలితో, రోగాలతో లక్షకు పైగా చనిపోయారు. న్యూయార్క్‌లో విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 'జర్నల్', జోసెఫ్ పులిట్జర్ 'వరల్డ్' పత్రికలు ఈ వార్తలను పోటీపడి వండి వడ్డించాయి. 1898 ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో నిలిచి ఉన్న అమెరికా యుద్ధనౌక 'మెయిన్' పేలిపోయి 260 మందికి పైగా నావికులు చనిపోయారు. బయటి నుంచి మందుపాతర పేల్చారని నౌకాదళ విచారణ మార్చిలో తేల్చింది. పేల్చింది ఎవరో అది చెప్పలేదు. పత్రికలు మాత్రం స్పెయిన్ పేరు చెప్పేశాయి. 1976లో అడ్మిరల్ హైమన్ రికోవర్ ఇంజనీర్లతో తిరిగి పరిశీలించి, ఓడ లోపలి బొగ్గు గదిలో రాజుకున్న నిప్పే పక్కనున్న మందుగుండును అంటుకుని ఉండవచ్చన్నాడు.

ఈ యుద్ధాన్ని పత్రికలే తెచ్చాయన్నది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట. అది సగమే నిజం. బొమ్మలు మీరు పంపండి, యుద్ధం సంగతి నేను చూసుకుంటానని హర్స్ట్ తన చిత్రకారుడికి తంతి కొట్టాడన్న కథకు ఆధారం ఇంతవరకు దొరకలేదు. అధ్యక్షుడు మెకిన్లీ, ఆయన వెనక ఉన్న వ్యాపారవర్గాలు ఆ శీతాకాలమంతా యుద్ధానికి వెనకాడుతూనే ఉన్నారు. వారిని కదిలించింది పెద్ద అక్షరాల శీర్షికల కంటే మార్చి 17న సెనేట్‌లో వినిపించిన ఒక చప్పని ప్రసంగం. వెర్మాంట్ సెనేటర్ రెడ్‌ఫీల్డ్ ప్రాక్టర్ చలువరాయి వ్యాపారి, ఆవేశపరుడు కాడు. క్యూబా వెళ్లి శిబిరాల్లో తాను చూసినదాన్ని లెక్కలు చదివినట్టు చెప్పాడు. ఆ మాటలను చాలామంది వ్యాపారులు నమ్మారు. జనాన్ని రెచ్చగొట్టినది కట్టుకథ, పెద్దమనుషులను ఒప్పించినది నిజమైన బాధ. సామ్రాజ్యాల చరిత్రలో ఈ రెండూ విడివిడిగా రావడం అరుదు.

ఏప్రిల్ 25న యుద్ధ ప్రకటన వెలువడింది. అంతకుముందే కాంగ్రెస్ టెల్లర్ సవరణ ద్వారా క్యూబాను కలుపుకునే ఉద్దేశం తమకు లేదని స్పష్టంగా మాట ఇచ్చింది. అంటే అమెరికా పౌరుడు ఒప్పుకున్నది ఒక పొరుగు ద్వీపాన్ని విడిపించడానికి. ఆ ఒప్పుకోలు వారం తిరగకుండానే ఎవరూ ఊహించని చోటికి చేరింది. మే 1న కమొడోర్ జార్జ్ డ్యూయీ మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకాదళాన్ని ముంచేశాడు. యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్ మీదికి వెళ్లమని ఆయనకు ఫిబ్రవరి 25నే తంతి వెళ్లింది. దాన్ని పంపినవాడు అప్పటి నౌకాదళ సహాయ కార్యదర్శి థియడోర్ రూజ్‌వెల్ట్. జూన్ 12న ఎమిలియో అగినాల్డో ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. డిసెంబరు 10న పారిస్‌లో కుదిరిన సంధి మాత్రం ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు రాసిచ్చింది. సంధి చర్చల్లో ఫిలిప్పీన్స్ ప్రతినిధికి చోటే లేదు. 1899 ఫిబ్రవరి 4న మనీలా శివార్లలో కాల్పులు మొదలయ్యాయి. రెండు రోజుల తర్వాత సెనేట్ 57–27 ఓట్లతో సంధిని ఆమోదించింది. కావలసిన మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు ఎక్కువ. కాల్పుల వార్త అందకపోతే ఆ ఓటు పడేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడే విషయం.

స్పెయిన్‌తో పోరు కొద్ది నెలల్లో ముగిసింది. ఫిలిప్పీన్స్ ప్రజలతో పోరు అధికారిక లెక్కలోనే 1902 జులై దాకా సాగింది. 4,200 మంది అమెరికా సైనికులు, సుమారు 20,000 మంది ఫిలిప్పీన్స్ యోధులు చనిపోయారు. తిండి దొరక్క, కలరా సోకి, దాడుల్లో చిక్కుకుని చనిపోయిన సామాన్యుల సంఖ్య రెండు లక్షలు, అంతకు మించి ఉంటుందని అంచనా. బందీల గొంతులోకి బలవంతంగా నీళ్లు పోసి రహస్యాలు రాబట్టేవారు. సమర్ దీవిని మనిషి లేని అడవిగా మార్చమని ఆదేశించిన జనరల్ జేకబ్ స్మిత్‌ను 1902లో సైనిక న్యాయస్థానం దోషిగా తేల్చి, మందలింపుతో సరిపెట్టింది. క్యూబాలో స్పెయిన్ చేసిందని అమెరికన్లు మండిపడ్డ పనినే, అంటే పల్లెల జనాన్ని శిబిరాల్లో కుక్కడాన్ని, బతంగస్‌లో అమెరికా సైన్యం చేసింది.

దీన్ని వ్యతిరేకించినవారు లేకపోలేదు. బోస్టన్‌లో 1898లో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో మార్క్ ట్వైన్, తత్వవేత్త విలియం జేమ్స్, ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ, కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్, మాజీ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒకే గొడుగు కిందికి వచ్చారు. ఈ సంఘాన్ని తలచుకునేటప్పుడు ఒక మాట దాచకూడదు. పరాయి జాతిని బానిసను చేయకూడదన్నవారితో పాటు, పరాయి జాతివారు అమెరికన్లతో కలవకూడదన్నవారూ అందులో ఉన్నారు. 1900 ఎన్నికల్లో డెమొక్రాట్ అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్ సామ్రాజ్యవాదాన్నే ప్రధాన అంశం చేయబోయాడు. అంతకుముందు సంధికి ఓటు వేయమని తన పార్టీవారికి చెప్పినదీ ఆయనే. మెకిన్లీ తిరిగి గెలిచాడు. పంటల ధరలు బాగున్నాయి, ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఓటరు ఓటు వేసింది దానికి. గెలిచినవారు దాన్ని ఫిలిప్పీన్స్‌కు అంగీకారంగా చదువుకున్నారు. క్యూబాను కలుపుకోలేదు, నిజమే. 1901 నాటి ప్లాట్ సవరణతో అక్కడ ఎప్పుడైనా జోక్యం చేసుకునే హక్కును రాయించుకున్నారు. గ్వాంటనామో స్థావరం ఆ ఒప్పందం పుణ్యమే. ఫిలిప్పీన్స్ స్వతంత్రమైంది 1946 జులై 4న.

స్పెయిన్‌తో యుద్ధం తర్వాతి 30 ఏళ్లలో అమెరికా మెరైన్లు నికరాగ్వాలో, హైతీలో, డొమినికన్ రిపబ్లిక్‌లో దిగి ఏళ్ల తరబడి తిష్ఠ వేశారు. హైతీలోనైతే 1915 నుంచి 1934 దాకా. వీటిలో దేనికీ యుద్ధ ప్రకటన లేదు, పెద్ద చర్చా లేదు. వెళ్లినవారు కొద్దిమంది, జీతానికి చేరినవారు. శవపేటికలు తక్కువగా వచ్చే చోట జనానికి అభిప్రాయమే ఏర్పడదన్న సంగతి ఇక్కడే తేలింది. ఈ దాడుల్లో కొన్నింటిలో పాల్గొన్న మేజర్ జనరల్ స్మెడ్లీ బట్లర్ ఉద్యోగ విరమణ తర్వాత, తాను పెట్టుబడిదారుల కోసం గూండాగా పనిచేశానని బాహాటంగా చెప్పాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి పరిస్థితి వేరు. 1916లో వుడ్రో విల్సన్ రెండోసారి గెలిచింది మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచిన నాయకుడన్న పేరు మీద. 1917 ఏప్రిల్ 6న ఆయనే యుద్ధంలోకి దింపాడు. జర్మన్ జలాంతర్గాములు వాణిజ్య నౌకలను ముంచడం, మెక్సికోను అమెరికా మీదికి ఉసిగొల్పబోయిన జర్మనీ తంతి బయటపడడం కారణాలు. సభలో 50 మంది, సెనేట్‌లో ఆరుగురు వ్యతిరేకించారు. జనం ఇష్టంగా రాలేదని ప్రభుత్వానికి తెలుసు. వారంలోనే పత్రికా రచయిత జార్జ్ క్రీల్ అధ్యక్షతన ప్రజా సమాచార సంఘం ఏర్పడింది. సినిమా హాళ్లలో రీలు మార్చే నాలుగు నిమిషాల విరామంలో ప్రసంగించడానికే 75,000 మంది వాలంటీర్లను తయారుచేశారు. ఒప్పించడం ఒక చేతి పని, నోరు నొక్కడం రెండో చేతి పని. 1917 గూఢచర్య చట్టం కింద, కాంటన్‌లో చేసిన ఒక ప్రసంగానికి సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష పడింది. 1920లో జైలు నుంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఆయనకు తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి.

ఆ యుద్ధ ప్రవేశం భారతీయుల మీదా పడింది. అమెరికా తటస్థంగా ఉన్నంతకాలం కాలిఫోర్నియాలో గదర్ పార్టీ బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పత్రిక నడిపింది, మనుషులను పంపింది. ఆ పార్టీలో చేరిన విద్యార్థుల్లో నేటి ప్రకాశం జిల్లా ప్రాంతానికి చెందిన దర్శి చెంచయ్య ఉన్నాడు. బ్రిటన్ అమెరికాకు మిత్రదేశమయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ వాదుల మీద విచారణ జరిగి, 1918 ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి. ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికి యుద్ధం చేస్తున్నామన్న దేశం, స్వరాజ్యం కోరినవారిని జైలుకు పంపింది.

యుద్ధం ముగిశాక వెగటు పుట్టింది. ఆయుధ వ్యాపారులు, బ్యాంకర్లు చేసుకున్న లాభాలను 1934–36 మధ్య సెనేటర్ జెరాల్డ్ నై సంఘం బయటికి లాగింది. 1935లో జార్జ్ గాలప్ నమూనా సర్వేలు మొదలుపెట్టాడు. జనం ఏమనుకుంటున్నారో పత్రికలను చూసి ఊహించే రోజులు పోయాయి. 1937 జనవరిలో గాలప్ అడిగితే, మొదటి ప్రపంచ యుద్ధంలో దిగడం పొరపాటని 70 శాతం మంది చెప్పారు. చేతులు కాలి ఇరవై ఏళ్లయింది.

మళ్లీ కాలకుండా చూడాలన్న ప్రయత్నం ఒకటి ఆ రోజుల్లోనే జరిగింది. ఇప్పుడు దాన్ని తలచుకునేవారు తక్కువ. ఇండియానా నుంచి ఎన్నికైన డెమొక్రాట్ లూయీ లడ్లో పాత పాత్రికేయుడు. 1935లో ఆయన ఒక రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. అమెరికా మీదా, దాని భూభాగాల మీదా దాడి జరిగితే తప్ప, దేశవ్యాప్తంగా జనం ఓటు వేసి ఒప్పుకుంటేనే యుద్ధ ప్రకటన చెల్లుతుందన్నది దాని సారం. గాలప్ సర్వేల్లో ఈ ఆలోచనను దాదాపు 70 శాతం మంది సమర్థిస్తూ వచ్చారు. బిల్లు మాత్రం సంఘం దగ్గరే ఆగిపోయింది. దాన్ని సభ ముందుకు లాగాలంటే 218 సంతకాలు కావాలి. 1937 డిసెంబరు 12న చైనాలోని యాంగ్జీ నది మీద అమెరికా గన్‌బోటు 'పనాయ్'ని జపాన్ విమానాలు ముంచాయి. పాత పద్ధతిలోనైతే ఇది 'మెయిన్' కావలసిన ఘటన. జరిగింది తలకిందులు. ఆ వారంలోనే లడ్లో అర్జీకి సంతకాలు పూర్తయ్యాయి. ఇలాంటి పడవ ఒక్కటి మునిగితే యుద్ధంలోకి ఈడ్చుకుపోతారన్న భయమే సభ్యులను కదిలించింది.

1938 జనవరి 10న ఓటింగ్ జరిగింది. అది సవరణ మీద ఓటు కూడా కాదు, సవరణను చర్చకు తీసుకోవాలా వద్దా అన్న ఓటు. అంతకుముందు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ స్పీకర్ విలియం బాంక్‌హెడ్‌కు ఉత్తరం రాశాడు. ఇది వస్తే ఏ అధ్యక్షుడూ విదేశీ వ్యవహారాలు నడపలేడని, అమెరికా హక్కులను ఎవరైనా తొక్కవచ్చని ఇతర దేశాలు అనుకుంటాయని ఆయన వాదన. స్పీకర్ దాన్ని సభలో చదివి వినిపించాడు. 209–188 ఓట్లతో చర్చకే తావు లేకుండా పోయింది. రూజ్‌వెల్ట్ వాదనలో బలం లేదనలేం. హిట్లర్ ఆస్ట్రియాను మింగడానికి అప్పటికి రెండు నెలలే ఉంది. యుద్ధానికి ఓటు అడగవలసిన దేశాన్ని నియంతలు లెక్కచేయరన్నది ఆనాటి అనుభవం. అయితే మరో సంగతి చూడాలి. హవాయి అమెరికా భూభాగం కాబట్టి పెర్ల్ హార్బర్ మీద దాడి లడ్లో పెట్టిన మినహాయింపులోకే వచ్చేది. ఆ సవరణ అడ్డుకోగలిగినది ఆత్మరక్షణ యుద్ధాన్ని కాదు, దూరదేశాల్లో ఎంచుకుని చేసే యుద్ధాన్ని. దాన్ని కూడా అడ్డుకునేదా అంటే అనుమానమే. ఎందుకంటే ఆ తర్వాత అధ్యక్షులు యుద్ధం ప్రకటించడమే మానేశారు. అమెరికా కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద.

1941లో సర్వేలు మరో పాఠం కూడా చెప్పాయి. జర్మనీ మీద యుద్ధం ప్రకటించాలా అని అడిగితే అత్యధికులు వద్దన్నారు. యుద్ధం ముప్పు ఉన్నా సరే బ్రిటన్‌కు సాయం చేయాలా అని అడిగితే అత్యధికులు చేయాలన్నారు. రెండూ ఒకే జనం జవాబులు. రూజ్‌వెల్ట్ రెండో జవాబును పట్టుకుని నడిచాడు. సెప్టెంబరులో 'గ్రీర్' అనే అమెరికా యుద్ధనౌక మీద జర్మన్ జలాంతర్గామి దాడి చేసిందని రేడియోలో చెప్పాడు. ఆ నౌక అంతకుముందు గంటల తరబడి జలాంతర్గామి వెంటపడి, దాని ఆచూకీని బ్రిటిష్ విమానానికి అందించిందని మాత్రం చెప్పలేదు. హిట్లర్ మీద పోరు న్యాయమైనదే. కానీ మంచి యుద్ధం కోసం తొక్కిన దారిలోనే తర్వాతివారు చెడ్డ యుద్ధాలకూ వెళ్లారు. పెర్ల్ హార్బర్ మరుసటి రోజు ప్రతినిధుల సభలో 388 మంది యుద్ధానికి ఓటు వేస్తే, మోంటానా సభ్యురాలు జెనెట్ రాంకిన్ ఒక్కరే వ్యతిరేకించారు. 1917లోనూ వ్యతిరేకంగా ఓటు వేసిన ఈమె ఆ తర్వాత గాంధీ మార్గాన్ని అధ్యయనం చేయడానికి పలుమార్లు భారత్ వచ్చారు.

1950 జూన్‌లో అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెసును అడగకుండానే కొరియాకు సైన్యాన్ని పంపాడు. ఆగస్టులో గాలప్ అడిగితే అది పొరపాటన్నవారు 20 శాతమే. చైనా సైన్యం దిగి యుద్ధం చేయిదాటాక, 1951 ఫిబ్రవరికి ఆ సంఖ్య 50 శాతానికి చేరింది. యుద్ధం మాత్రం 1953 జులై దాకా సాగింది.

సైన్యం వెళ్లని చోట సర్వేలకూ పనిలేదు. 1953 ఆగస్టులో ఇరాన్ ప్రధాని మొసాదిక్‌ను, 1954లో గ్వాటెమాలా అధ్యక్షుడు అర్బెంజ్‌ను దింపిన కుట్రలను సీఐఏ నడిపింది. మొదటిదాని వెనక చమురు, రెండోదాని వెనక యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ భూములు, రెండింటికీ కమ్యూనిజం భయం తోడైంది. అమెరికా పౌరుడికి వీటి గురించి అభిప్రాయం లేదు, ఎందుకంటే సంగతే తెలియదు. రహస్యం బట్టబయలైనప్పుడు కూడా ఏమవుతుందో 1961 ఏప్రిల్‌లో తేలింది. క్యూబాలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర సీఐఏ దింపిన దండు చిత్తుగా ఓడిపోయింది. ఆ వెంటనే గాలప్ సర్వేలో అధ్యక్షుడు కెనెడీకి మద్దతు 83 శాతానికి ఎగబాకింది. ఆపద వేళ జనం నాయకుడి చుట్టూ చేరతారు. గెలుపా, ఓటమా, తప్పా, ఒప్పా అని అప్పుడు చూడరు. ఈ అలవాటు ప్రతి అధ్యక్షుడికీ తెలుసు.

వియత్నాంకు దారి తెరిచింది టోన్కిన్ సింధుశాఖ. 1964 ఆగస్టు 2న ఉత్తర వియత్నాం పడవలు అమెరికా నౌక 'మాడక్స్' మీద దాడి చేశాయి. ఆ తీరంలో అమెరికా తోడ్పాటుతో రహస్య దాడులు సాగుతున్న సంగతి ప్రభుత్వం చెప్పలేదు. ఆగస్టు 4న రెండో దాడి జరిగిందన్నారు. అది జరగనే లేదు. ఆగస్టు 7న ప్రతినిధుల సభ 416–0 ఓట్లతో, సెనేట్ 88–2 ఓట్లతో అధ్యక్షుడు జాన్సన్‌కు కావలసినంత అధికారం రాసిచ్చాయి. కాదన్న ఇద్దరు సెనేటర్లు వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఇద్దరూ 1968లో పదవులు పోగొట్టుకున్నారు. నిజం తెలియనివ్వకపోవడం ఒక సంగతి. తెలుసుకోవాలన్న తొందర సభకూ లేకపోవడం మరో సంగతి.

1965 ఆగస్టులో సైన్యాన్ని పంపడం పొరపాటన్నవారు 24 శాతం. 1968 జనవరి చివర టెట్ పండుగ నాడు దక్షిణ వియత్నాం నగరాల్లో చాలావాటి మీద దాడులు జరిగాయి. ఆ ఏడాది ఆగస్టుకు పొరపాటన్నవారు సగం దాటారు. 1971 మే నాటికి 61 శాతం. రాజనీతి శాస్త్రవేత్త జాన్ మ్యూలర్ కొరియా, వియత్నాం యుద్ధాల సర్వేలను పక్కపక్కన పెట్టి చూశాడు. చనిపోయినవారి లెక్క పెరిగేకొద్దీ మద్దతు ఒకే తీరుగా దిగజారిందని 1973 నాటి తన పుస్తకంలో చూపించాడు. టీవీ ఉన్న యుద్ధానికీ లేని యుద్ధానికీ ఈ విషయంలో తేడా లేదు. కాబట్టి వియత్నాంను టీవీ ఓడించిందన్న సైనికాధికారుల ఫిర్యాదు నిలబడదు.

విద్యార్థులే ఈ యుద్ధాన్ని ఆపారన్న మాట కూడా అంత తేలిగ్గా ఒప్పుకోవలసింది కాదు. సర్వేల్లో యుద్ధాన్ని ఎక్కువగా సమర్థించింది 30 ఏళ్లలోపువారు, ఎక్కువగా వద్దన్నది పెద్దవయసువారు, తక్కువ చదువుకున్నవారు. 1970 మే 4న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోతే, తప్పు విద్యార్థులదేనని 58 శాతం మంది సర్వేలో చెప్పారు. యుద్ధం మీద విసుగు, నిరసనకారుల మీద కోపం ఒకే ఇంట్లో కాపురం చేశాయి. అధ్యక్షుడు నిక్సన్ ఈ విసుగును సరిగ్గా చదివాడు. సైనికులను కొంచెం కొంచెంగా వెనక్కి పిలిచాడు, బాంబులను పెంచాడు. 1973లో నిర్బంధ సైనిక సేవను ఎత్తేశారు. చనిపోయిన అమెరికన్లు 58,000కు పైగా, వియత్నాం ప్రజలు లక్షల్లో.

ఆ రోజుల్లోనే అమెరికా బలప్రదర్శన బంగాళాఖాతానికీ వచ్చింది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సాగిన మారణకాండ గురించి ఢాకాలోని కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, సహోద్యోగులు ఏప్రిల్‌లోనే నిరసన తంతి పంపారు. అమెరికా పత్రికలు, కాంగ్రెసులో చాలామంది పాకిస్తాన్‌కు ఆయుధాలు ఆపమన్నారు. నిక్సన్, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్ విననే లేదు. డిసెంబరులో 'ఎంటర్‌ప్రైజ్' విమానవాహక నౌకతో ఒక దళాన్ని పంపారు. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అది నేరుగా తగిలిన బెదిరింపు. అమెరికా ప్రజాభిప్రాయం ఇక్కడ సరైన వైపే ఉంది. విధానాన్ని మాత్రం వెంట్రుకవాసి కూడా కదపలేదు.

వియత్నాం తర్వాత రెండు పాఠాలు నేర్చారు. కాంగ్రెస్ నేర్చింది 1973 యుద్ధాధికారాల తీర్మానం. సైన్యాన్ని దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు తెలియజేయాలి, 60 రోజుల్లో అనుమతి రాకపోతే ఉపసంహరణ మొదలుపెట్టాలి. నిక్సన్ వీటో చేసినా అది చట్టమైంది. తర్వాతి అధ్యక్షులు దానికి కట్టుబడినట్టు ఒప్పుకోకుండానే ఉత్తరాలు రాస్తూ వచ్చారు. 2011లో లిబియా మీద దాడులు 60 రోజులు దాటితే, ఇది చట్టం చెప్పే పోరాటం కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. సైన్యం నేర్చిన పాఠం ఇంకా లోతైనది. ఇంటింటికీ తగలని యుద్ధాన్ని ఎవరూ ఆపమనరు. 1983లో గ్రెనడాలో దిగినప్పుడు మొదటి రోజుల్లో విలేఖరులను దగ్గరికి రానివ్వలేదు. 1991 నుంచి 2009 దాకా డోవర్ వైమానిక స్థావరానికి వచ్చే శవపేటికలను ఫొటో తీయనివ్వలేదు. వియత్నాం కోసం 1968లో ఆదాయపు పన్ను మీద 10 శాతం అదనంగా వేశారు. ఇరాక్ యుద్ధం మొదలైన రెండు నెలలకు, 2003 మేలో, పన్నులు తగ్గించి, ఖర్చును అప్పులో రాసుకున్నారు.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక అమెరికన్లు రెండుగా చీలారు. యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్ వేసిన ఓటు 52–47. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసిబిడ్డలను ఇంక్యుబేటర్ల నుంచి తీసి చంపారని అక్టోబరులో 15 ఏళ్ల అమ్మాయి కాంగ్రెస్ సభ్యుల ఎదుట ఏడుస్తూ చెప్పింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని, ఆమెను సిద్ధం చేసింది హిల్ అండ్ నోల్టన్ ప్రచార సంస్థ అని యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది బయటపడింది. కువైట్ దురాక్రమణ కట్టుకథ కాదు. ఆ నిజం ఒక్కటే చాలదనుకోవడంలోనే ఆ ప్రచారపు గుట్టు ఉంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత బలప్రయోగానికి అనుమతినిచ్చే తీర్మానానికి సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటూ లేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునంటే, కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. అందులో దేశం పేరు లేదు, గడువు లేదు. ఇరాక్ మీద యుద్ధానికి 2002 అక్టోబరులో సభ 296–133, సెనేట్ 77–23 ఓట్లతో ఒప్పుకున్నాయి. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో సామూహిక విధ్వంసక ఆయుధాల గురించి బొమ్మలు చూపించాడు. పది రోజులకు ప్రపంచమంతటా లక్షలాది జనం యుద్ధం వద్దని వీధుల్లోకి వచ్చారు. మార్చిలో యుద్ధం మొదలయ్యాక అమెరికాలో 70 శాతానికి పైగా సమర్థించారు. ఆ వేసవిలో వాషింగ్టన్ పోస్ట్ సర్వేలో 69 శాతం మంది సెప్టెంబరు 11 దాడుల్లో ఇరాక్ నియంత సద్దాం హుసేన్ హస్తం ఉండవచ్చని చెప్పారు. ప్రభుత్వం ఆ మాట నేరుగా అనాల్సిన అవసరం లేకపోయింది. రెండు పేర్లనూ ఒకే వాక్యంలో పదేపదే వినిపిస్తే చాలింది.

ఆయుధాలు దొరకలేదు. తన కథనాలు కొన్ని సరిగ్గా పరిశీలించి వేసినవి కావని న్యూయార్క్ టైమ్స్ 2004 మేలో ఒప్పుకుంది. ప్రభుత్వ వాదనలను మొదటినుంచీ ప్రశ్నించిన నైట్ రిడ్డర్ విలేఖరుల వార్తలను వాషింగ్టన్‌లో పట్టించుకున్నవారు తక్కువ. మద్దతు కొరియాలాగే, వియత్నాంలాగే జారింది. ఈసారి చాలా తక్కువ మరణాలకే జారింది. 2006 ఎన్నికల్లో జనం రెండు సభలనూ డెమొక్రాట్లకు ఇచ్చారు. అయినా అధ్యక్షుడు బుష్ 2007 జనవరిలో ఇరాక్‌కు మరిన్ని దళాలు పంపాడు. 4,400 మందికి పైగా అమెరికా సైనికులు, లక్షకు మించి ఇరాక్ పౌరులు చనిపోయారు.

ముందుగా అడిగిన సందర్భం ఒకటుంది. 2013 ఆగస్టులో సిరియాలో రసాయన ఆయుధాలు వాడారని దాడికి ఒబామా సిద్ధమయ్యాడు. ఆగస్టు 29న బ్రిటిష్ పార్లమెంటు 285–272 ఓట్లతో కాదంది. రెండు రోజుల తర్వాత ఒబామా కాంగ్రెస్ అనుమతి కోరతానన్నాడు. సర్వేల్లో ఎక్కువమంది వద్దన్నారు. సభ్యులకు ఫోన్లు, ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఓడిపోయేలా ఉన్న ఓటింగ్‌ను సభ ముందుకు తేనే లేదు. రష్యా మధ్యవర్తిత్వంతో ఆయుధాల అప్పగింతకు ఒప్పందం కుదిరి, దాడి ఆగిపోయింది. ఇరాక్ గాయం ఆరకముందే, ఒక్క సైనికుడూ కదలకముందే ప్రశ్న అడిగారు కాబట్టే జనం జవాబుకు విలువ దక్కింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అమెరికా విమానాలు అదే సిరియాలో ఇస్లామిక్ స్టేట్ స్థావరాల మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. దానికి 2001 నాటి తీర్మానమే అనుమతి అని ప్రభుత్వం చెప్పింది. ఈసారి కాంగ్రెసును కొత్తగా అడిగి, ఓటు వచ్చేదాకా ఆగలేదు.